పేడ, వాన, దూరం: క్వీన్స్‌లాండ్‌లో పశువుల ఫీడ్‌లాట్‌కు అనుమతి ఎలా వస్తుంది

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో టూవూంబా పట్టణం దాటి పడమరకు వెళితే, డాల్బీ వైపు, గూండివిండి వైపు పరుచుకున్న డార్లింగ్ డౌన్స్ మైదానం కనిపిస్తుంది. నేల నల్లరేగడి, పంటలు జొన్న, బార్లీ, గోధుమ. దాణాకు కావలసిన గింజ చేతికందే దూరంలో పండుతుంది కాబట్టి, పచ్చికబయళ్లలో పెరిగిన పశువులను తెచ్చి, ఆరుబయటి దొడ్లలో కట్టడి చేసి, రెండు మూడు నెలలో అంతకంటే ఎక్కువకాలమో గింజ దాణాతో బలిపించి మాంసానికి పంపే ఫీడ్‌లాట్లు ఇక్కడే దట్టంగా పుట్టుకొచ్చాయి. 2024లో ఆస్ట్రేలియా మొత్తం ఫీడ్‌లాట్లలో ఉన్న పశువుల సంఖ్య 13 లక్షలు దాటింది; అందులో సగానికి పైగా క్వీన్స్‌లాండ్‌వే. ఈ రాష్ట్రపు మందల్లో విరివిగా కలిసిన బ్రాహ్మన్ జాతి, అమెరికాలో భారతీయ పశువుల నుంచి రూపొంది 1933లో ఆస్ట్రేలియా చేరింది. ఆ జాతి మూలాల్లో మన ఒంగోలు గిత్త కూడా ఉంది.

ఇలాంటి ఫీడ్‌లాట్‌ను కొత్తగా పెట్టాలన్నా, ఉన్నదాన్ని పెంచాలన్నా ప్రభుత్వం రెండు వేర్వేరు ప్రశ్నలు అడుగుతుంది. ఈ భూమిని ఈ పనికి వాడటం ఈ చోట తగునా అన్నది మొదటిది. అది ప్లానింగ్ ప్రశ్న. క్వీన్స్‌లాండ్‌లో 2016 నాటి ప్లానింగ్ చట్టం కింద, స్థానిక కౌన్సిల్ రూపొందించుకున్న భూవినియోగ ప్రణాళిక ఆధారంగా తేలుతుంది. తగుననుకున్నా, దాన్ని నడిపేటప్పుడు వాసన, మురుగు, దుమ్ము పొరుగువారి మీదా వాగుల మీదా పడకుండా నిలపగలరా అన్నది రెండోది. అది పర్యావరణ ప్రశ్న. 1994 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం పరిధిలోకి వస్తుంది. దరఖాస్తు మాత్రం సాధారణంగా ఒకటే: అభివృద్ధి అనుమతి కోసం కౌన్సిల్‌కు ఇచ్చే దరఖాస్తునే పర్యావరణ అధికార పత్రం కోసం చేసిన దరఖాస్తుగా కూడా పరిగణిస్తారు. రాష్ట్ర ప్రభుత్వ శాఖల అభిప్రాయాలన్నీ ‘సారా’ అని పిలిచే రాష్ట్ర మదింపు, సిఫారసు సంస్థ ద్వారా ఒక్కచోటికి వస్తాయి. కాగితం ఒకటే అయినా పరీక్షలు రెండని మరిచిపోయినవారే తరచూ దెబ్బతింటారు.

లెక్క తలల్లో కాదు, ప్రామాణిక పశు యూనిట్లలో నడుస్తుంది. ఫీడ్‌లాట్ నుంచి బయటికి వెళ్లేనాటికి 600 కిలోలు తూగే పశువు ఒక యూనిట్. తిండీ పేడా బరువుతో సమానంగా కాక కాస్త నెమ్మదిగా పెరుగుతాయి కాబట్టి, 450 కిలోల పశువు 0.81 యూనిట్, 750 కిలోల పశువు 1.18 యూనిట్. 5,000 యూనిట్లకు అనుమతి ఉన్నవాడు స్థానిక మార్కెట్ కోసం 450 కిలోల దగ్గరే అమ్మేసే పశువులనే పెంచితే 6,100కు పైగా తలలు ఉంచుకోవచ్చు. జపాన్ మార్కెట్ కోసం 750 కిలోలదాకా పెంచితే సుమారు 4,200కు మించి ఉంచలేడు. క్వీన్స్‌లాండ్‌లో 150 యూనిట్లు దాటిన ఫీడ్‌లాట్ పర్యావరణానికి సంబంధించిన కార్యకలాపంగా నమోదవుతుంది. ఆపైన 1,000 దగ్గర, 10,000 దగ్గర మెట్లు మారతాయి. పక్కనున్న న్యూ సౌత్ వేల్స్‌లో పద్ధతి వేరు. అక్కడ 1,000 తలలు దాటితే చాలు, అది ‘నిర్దేశిత అభివృద్ధి’ అయిపోతుంది; పూర్తిస్థాయి పర్యావరణ ప్రభావ నివేదిక, కనీసం 28 రోజులు పత్రాలను ప్రజల పరిశీలనకు ఉంచడం, ఆ రాష్ట్ర పర్యావరణ సంస్థ లైసెన్సు తప్పవు. సరిహద్దుకు రెండువైపులా నేల ఒకటే, పశువు ఒకటే, వ్యాపారులూ చాలావరకు వాళ్లే. 999 తలల దగ్గర ఆగిపోయే పథకాలు అక్కడ ఎందుకు పుడతాయో ఊహించడం కష్టం కాదు.

పొరుగువారు రాసే అభ్యంతర పత్రాల్లో ముందు వరసలో ఉండేది వాసన. అది గాలికి సంబంధించిన సమస్యగా కనిపిస్తుంది గానీ, మూలం నీటిలో ఉంది. ఎండిన పేడ పెద్దగా వాసన వేయదు. తడిసి, గాలి ఆడక, లోపల కుళ్లడం మొదలైన పేడ వేస్తుంది. ఆ తడి ఎక్కడి నుంచి వస్తుందో లెక్కేస్తే ఆశ్చర్యం కలుగుతుంది. బాగా ఎదిగిన పశువు పేడ, మూత్రం రూపంలో రోజుకు సుమారు 25 లీటర్ల నీటిని నేలమీద వదులుతుందనుకుందాం. పశువుకు 15 చదరపు మీటర్ల చోటిస్తే అది రోజుకు 1.6 మిల్లీమీటర్లకు పైగా, ఏడాదికి దాదాపు 600 మిల్లీమీటర్ల వానతో సమానం. డార్లింగ్ డౌన్స్‌లో చాలాచోట్ల ఆకాశం నుంచి పడే వాన కూడా 600, 700 మిల్లీమీటర్ల మధ్యే. అంటే దొడ్డిలో ఏడాదికి రెండు వర్షాకాలాలు: ఒకటి మేఘాలు కురిసేది, ఇంకొకటి పశువులు కురిసేది. చోటును 9 చదరపు మీటర్లకు కుదిస్తే ఆ రెండో వాన 1,000 మిల్లీమీటర్లవుతుంది. 25 చదరపు మీటర్లకు పెంచితే 365కు తగ్గుతుంది.

ఫీడ్‌లాట్ల కోసం ఆస్ట్రేలియాలో ఉన్న జాతీయ మార్గదర్శకాలు ఆ 9 నుంచి 25 చదరపు మీటర్ల పరిధిలోనే చోటును అనుమతించడం వెనుక ఉన్నది ఈ లెక్కే. కిక్కిరిస్తే నేల బురదవుతుంది. మరీ పలచబడితే ఎండాకాలంలో పశువుల గిట్టల కింద పేడ పొడై, సాయంత్రం పశువులు లేచి అటూ ఇటూ తిరిగే వేళ దుమ్ము మేఘంలా లేస్తుంది. దరఖాస్తుదారు కాగితం మీద రాసే ఒక్క అంకె, పశువుకు ఎన్ని చదరపు మీటర్లు అన్నది, వాసననూ దుమ్మునూ మురుగు పరిమాణాన్నీ దొడ్ల నిర్మాణ ఖర్చునూ ఒకేసారి నిర్ణయిస్తుంది. పరిశీలించే అధికారి ముందు చూసేదీ ఆ అంకెనే.

దొడ్డి నేలను దగ్గర నుంచి చూస్తే ఈ విషయం ఇంకా స్పష్టమవుతుంది. పైన మెత్తటి పేడ పొర. దాని కింద గిట్టల ఒత్తిడికి అదిమిపోయి, నల్లగా, తోలులా గట్టిపడిన సన్నని పొర ఒకటి ఉంటుంది. పేడా మట్టీ కలిసి ఏర్పడిన ఈ పొర నీటిని కిందికి దిగనివ్వదు. దాని కింద కుదించిన బంకమట్టి. దొడ్డి శుభ్రం చేసే ట్రాక్టరు డ్రైవరు పైపొరను గీకి తీస్తాడు గానీ, ఆ నల్లపొరను రెండు మూడు సెంటీమీటర్ల మేర వదిలేస్తాడు. అద్దంలా శుభ్రం చెయ్యాలన్న ఉత్సాహంతో మట్టిదాకా గీకేస్తే గుంటలు పడతాయి. గుంటల్లో నీరు నిలుస్తుంది. వాన వెలిసిన మూడు నాలుగు రోజులకు ఆ గుంటల నుంచే కంపు పుడుతుంది. నేలను సుమారు 3 శాతం వాలుతో, గాడి వైపు నుంచి దిగువ కాలువ వైపు జారేలా కడతారు. తొట్టి కారి దాని చుట్టూ ఎప్పుడూ తడిగా ఉండే చోటు, కంచె కింద గిట్టలు తొక్కని సందులో పేరుకునే పేడ గట్టు, తనిఖీకి వచ్చినవారి కళ్లు ముందు వెతికేవి ఇవే.

వాసనను పూర్తిగా ఆపడం ఎవరివల్లా కాదు కాబట్టి మిగిలిన ఉపాయం దూరం. జాతీయ మార్గదర్శకాల మూడో కూర్పు 2012లో వచ్చింది. అందులోని తొలి అంచె లెక్క ప్రకారం, ఫీడ్‌లాట్‌కూ ఇళ్లకూ మధ్య ఉండవలసిన దూరం యూనిట్ల సంఖ్యకు వర్గమూలం తీసి, దాన్ని స్థలానికి సంబంధించిన గుణకాలతో హెచ్చిస్తే వస్తుంది. ఆ గుణకాలు ఐదు: దొడ్ల సాంద్రతా నిర్వహణా, ఎదురుగా ఉన్నది పట్టణమా పల్లెటూరా ఒంటరి ఇల్లా అన్నది, నేల ఎత్తుపల్లాలు, మధ్యలో ఉన్న చెట్టూచేమా, గాలి వీచే తీరు. వర్గమూలం కావడం వల్ల పశువులు నాలుగింతలైతే దూరం రెండింతలే అవుతుంది. పెద్ద ఫీడ్‌లాట్లకు ఈ సూత్రం కాస్త దయగానే ఉందని చెప్పాలి. విస్తరణ దరఖాస్తులు కొత్త ఫీడ్‌లాట్ల దరఖాస్తుల కంటే సులువుగా కనిపించడానికి ఇదొక కారణం.

గుణకాల్లో నేల ఎత్తుపల్లాలదే అసలు పరీక్ష. ఊరి మీదికి గాలి వీచే దిక్కున పెట్టకపోతే చాలునని సామాన్యంగా అనుకుంటారు. పగటి గాలి వాసనను చెదరగొట్టి పలచన చేస్తుంది. చిక్కు గాలి ఆగిపోయిన రాత్రిళ్లది. ఆకాశం నిర్మలంగా ఉన్న చలిరాత్రి నేలను ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కి, నీటిలాగే పల్లం వెతుక్కుంటూ లోయవెంట మెల్లగా జారుతుంది. దొడ్ల మీది వాసనంతా ఆ పలుచని పొరలోనే చిక్కుకుని, ఏ రెండు మూడు కిలోమీటర్ల దిగువనో ఉన్న ఇంటి ముంగిటికి దాదాపు చెదరకుండా చేరుతుంది. గాలిపటం చూపించే దిక్కు కంటే వాగు పారే దిక్కు ముఖ్యం. స్థలం ఎంపిక దగ్గర ఈ ఒక్కటి గమనించని పథకాన్ని తర్వాత ఏ సలహాదారుడూ కాపాడలేడు.

తొలి అంచె దూరం సరిపోకపోతే దరఖాస్తుదారు కంప్యూటర్ నమూనాతో వాసన వ్యాప్తిని చూపించవచ్చు. వాసనకు కొలత ‘వాసన యూనిట్’: శిక్షణ పొందిన మనుషుల బృందంలో సగంమంది పసిగట్టగలిగే కనీస గాఢత ఒక యూనిట్. న్యూ సౌత్ వేల్స్ ప్రమాణం ప్రకారం ఒంటరి పల్లె ఇంటి దగ్గర 7 యూనిట్ల దాకా అనుమతి ఉంటే, 2,000కు పైగా జనాభా ఉన్న పట్టణం దగ్గర 2 యూనిట్లే. ముక్కులు పెరిగేకొద్దీ వాటిలో సున్నితమైనవీ పెరుగుతాయన్నది దీని వెనుకనున్న వాదన. ఆ వాదనలో తర్కముంది, కానీ ఒంటరి ఇంట్లో ఉన్నవారికి అది ఎలా వినిపిస్తుందో వేరే చెప్పనక్కరలేదు. పైగా ఈ ప్రమాణం ఏడాదిలోని గంటల్లో 99 శాతానికే వర్తిస్తుంది. మిగిలిన ఒక్క శాతం అంటే 88 గంటలు. అవి వేసవి సాయంత్రాలకూ పెళ్లిరోజులకూ పడకూడదని ఏ నమూనా హామీ ఇవ్వదు. బహిరంగ సమావేశాల్లో సలహాదారులకూ స్థానికులకూ మాట కలవకపోవడానికి ఇదే కారణం. ఒకరు సగటు గురించి చెబుతుంటారు, ఇంకొకరికి కావలసింది ఒక ఫలానా రాత్రి సంగతి.

మన దేశంలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో డెయిరీ ఫారాలకూ గోశాలలకూ మార్గదర్శకాలు వెలువరించింది. అక్కడ నివాసాల నుంచి ఇంత, బడి, ఆసుపత్రుల నుంచి ఇంత అని మీటర్లలో స్థిరమైన దూరాలు చెప్పే పద్ధతి కనిపిస్తుంది. అమలు చేయడానికి అది సులువు. కొలత టేపు చాలు. అయితే యాభై గేదెలకూ అయిదువందల గేదెలకూ ఒకే దూరం అన్న లోపం అందులో ఉంది. ఆస్ట్రేలియా సూత్రం న్యాయంగా ఉంటుంది గానీ, గుణకాల గురించి ఎన్నాళ్లైనా వాదించుకోవచ్చు.

ఇక వాన నీరు. పేడ తాకిన నీరు ఎట్టి పరిస్థితుల్లోనూ వాగులో కలవకూడదు, శుభ్రమైన నీరు దొడ్లలోకి రాకూడదు: డ్రైనేజీ నమూనా మొత్తం ఈ ఒక్క సూత్రం చుట్టూ తిరుగుతుంది. ఎగువ నుంచి వచ్చే నీటిని గట్లు కట్టి పక్కకు మళ్లిస్తారు. దొడ్లు, పశువుల దారులు, పెంటకుప్పల చోటు, దాణా పాతర్లు అన్నీ ఒక కట్టడి చేసిన పరివాహకంలోకి వస్తాయి. 5,000 యూనిట్ల ఫీడ్‌లాట్‌కు పశువుకు 15 చదరపు మీటర్ల చొప్పున దొడ్లకే 7.5 హెక్టార్లు కావాలి. దారులూ తక్కినవీ కలుపుకుని 12 హెక్టార్లనుకుందాం. ఒక్కరోజు 100 మిల్లీమీటర్ల వాన పడి, అందులో 80 శాతం పారితే 96 లక్షల లీటర్ల పేడనీరు చేతికొస్తుంది. అది ముందు మడ్డి దిగే కుంటలోకి వెళుతుంది. అక్కడ ప్రవాహ వేగం సెకనుకు అర సెంటీమీటరు మించకుండా వెడల్పుగా, నిదానంగా ఉండేలా కడతారు, లేకపోతే పేడ రేణువులు కిందికి దిగవు. తేరిన నీరు నిల్వ కుంటకు చేరుతుంది. ఆ కుంట సగటున పదేళ్లకొకసారికి మించి పొర్లకూడదు. కట్టేవారికి దీని అర్థం, ఏళ్ల తరబడి వాన రికార్డులను రోజువారీగా నమూనాలో నడిపి పరిమాణం తేల్చుకోవాలని.

నల్లరేగడి ఇక్కడే రెండు ముఖాలు చూపిస్తుంది. కుదించి కొడితే ఈ బంకమట్టి రోజుకు 0.1 మిల్లీమీటరు కంటే ఎక్కువ నీటిని ఇంకనివ్వదు, మార్గదర్శకాలు కోరేదీ అంతే. అదే మట్టి ఎండితే, మన కర్నూలు, ప్రకాశం జిల్లాల రైతులెరిగినట్టే, చేతులు పట్టేంత నెర్రెలు విచ్చుతుంది. కరవు ఏడాది నిల్వ కుంట అడుగంటి ఎండిపోతే, మళ్లీ వచ్చే తొలి పెద్దవానకు మురుగు ఆ నెర్రెల గుండా భూగర్భంలోకి దారి వెతుక్కుంటుంది. అందుకే తేమ చూసి పొరలు పొరలుగా కుదించడం, ఆ పొరల్లో ప్రతిదానికీ పరీక్ష నివేదిక జతచేయడం, చుట్టూ పరిశీలన బోర్లు వేయడం షరతుల్లో కనిపిస్తాయి.

కుంటలో చేరిన నీటినీ, కుప్పపోసి మాగిన పెంటనూ చివరికి పొలాలకే వాడాలి. వాటిలోని నత్రజని, భాస్వరం పంట తీసుకునేంతకు మించి పడితే, ఎరువు అన్న మాట పోయి కాలుష్యం అన్న మాట వస్తుంది. ఏ పొలానికి ఏటా ఎంత, ఆ పొలం మీద ఏ పంట, కోసి బయటికి తీసుకెళ్లే ఆ పంటతో ఎంత భాస్వరం వెళ్లిపోతుంది అన్న జమాఖర్చు దరఖాస్తులో ఉండాలి. క్వీన్స్‌లాండ్‌లో దీనికి ‘మెడ్లీ’ అనే నమూనాను వాడతారు. నత్రజని కొంత గాలిలోకి పోతుంది, భాస్వరం మట్టిలోనే పేరుకుంటుంది. దానికంటే మొండిది ఉప్పు. దాణాలోని, బోరు నీటిలోని ఉప్పంతా కుంటలో చిక్కబడి పొలానికి చేరుతుంది. దానికి ఏ పంటా మందు కాదు. దొడ్లకు సరిపడా భూమి ఉండి, మురుగు పారించడానికి తగిన పొలం లేక ఇబ్బందిపడే స్థలాలు చాలా కనిపిస్తాయి.

నీటి అవసరానికి ఒక మోటు లెక్క ఉంది: 1,000 యూనిట్లకు ఏడాదికి 24 మెగాలీటర్లు, అంటే అన్ని అవసరాలూ కలిపి తలకు రోజుకు 65 లీటర్ల చిల్లర. సగటు కంటే ఇక్కడ ముఖ్యం భరోసా. 40 డిగ్రీల ఎండలో పంపు ఆగి, తొట్లు ఒక్క పూట ఎండితే పశువులు చచ్చిపోతాయి. కాబట్టి నదిలో వరద ఉన్నప్పుడే తోడుకునే హక్కు పనికిరాదు. కరవులోనూ కోత పడని హక్కు చూపించాలి. తక్కినవి, రాష్ట్ర రహదారి కూడళ్ల మీద పడే లారీల బరువు, సహజ వృక్షసంపద నరికివేత, ఆదిమవాసుల సాంస్కృతిక వారసత్వ స్థలాల పట్ల జాగ్రత్త, అరుదైన జీవుల విషయంలో 1999 నాటి సమాఖ్య చట్టం, ఇవన్నీ ఏ పెద్ద పథకానికైనా ఉండేవే. ఒక్క రోడ్డు సంగతి మాత్రం చిన్నచూపు చూడరాదు. దాణా తెచ్చేవీ పశువులను తెచ్చి తీసుకెళ్లేవీ జంట ట్రెయిలర్ల లారీలు. కూడలి వెడల్పు చేసే ఖర్చు దరఖాస్తుదారు మీదే పడి, పథకపు లెక్కలు తలకిందులు కావచ్చు.

కాగితాల ప్రయాణం ఈ విషయాలన్నీ తేల్చుకున్నాకే మొదలవ్వాలి. కౌన్సిల్‌తోనూ ‘సారా’తోనూ ముందస్తు సమావేశం తప్పనిసరి కాదు గానీ, అది మానుకున్నవారికి తర్వాత అదనపు సమాచారం కోరుతూ వచ్చే లేఖ చాలా పొడుగ్గా ఉంటుంది. కౌన్సిల్ ప్రణాళిక ప్రకారం ప్రభావ మదింపు అవసరమైన దరఖాస్తుకు కనీసం 15 పనిదినాల బహిరంగ ప్రకటన ఉంటుంది: స్థలం దగ్గర బోర్డు, ఆనుకుని ఉన్న భూయజమానులకు లేఖలు, ప్రచురితమైన నోటీసు. ఆ గడువులో నిబంధనల ప్రకారం రాతపూర్వకంగా అభ్యంతరం దాఖలు చేసినవారికి, నిర్ణయం నచ్చకపోతే ప్లానింగ్ అండ్ ఎన్విరాన్‌మెంట్ కోర్టుకు వెళ్లే హక్కు వస్తుంది. గడువు దాటాక ఎంత బలమైన వాదన ఉన్నా ఆ హక్కు రాదు. ఇరుగుపొరుగును ఈ 15 రోజుల్లోనే తొలిసారి పలకరించే దరఖాస్తుదారు చాలా ఆలస్యంగా పలకరిస్తున్నట్టు లెక్క.

అనుమతి వచ్చాక రెండు కాగితాల తేడా మళ్లీ బయటపడుతుంది. అభివృద్ధి అనుమతి భూమిని అంటిపెట్టుకుని ఉంటుంది. భూమి చేతులు మారినా అది దానితోనే పోతుంది. పర్యావరణ అధికార పత్రం మాత్రం నడిపే వ్యక్తిది లేదా సంస్థది. కొన్నవారు తగిన నిర్వాహకులుగా నమోదై, దాన్ని తమ పేరిట బదిలీ చేయించుకోవాలి. అభివృద్ధి అనుమతిలో వేరే గడువు రాయకపోతే ఆరేళ్లలోగా ఆ వినియోగం మొదలు కావాలి, లేకపోతే అది మురిగిపోతుంది. గింజ ధరలు పెరిగి రెండేళ్లు, కరవు వచ్చి మరో రెండేళ్లు ఆగిన పథకాలకు ఆరేళ్లు పెద్ద కాలమేమీ కాదు. ఇక 1994 నుంచి నడుస్తున్న జాతీయ ఫీడ్‌లాట్ గుర్తింపు పథకం నాణ్యతకూ మార్కెట్‌కూ సంబంధించినది. అందులో చేరాలంటే ఈ అనుమతులు ఉండాలి గానీ, అందులో చేరినంత మాత్రాన ఇవి రావు.

మార్గదర్శకాలు తేల్చని చిక్కు ఒకటి మిగిలింది. లెక్కగట్టి వదిలిన ఆ రెండు మూడు కిలోమీటర్ల నేల చాలాసార్లు ఫీడ్‌లాట్ యజమానిది కాదు, పొరుగువాడిది. అనుమతి వచ్చిననాడు అక్కడ జొన్న చేను తప్ప ఇల్లు లేదు కాబట్టి దూరం సరిపోయింది. పదేళ్లకు పొరుగువాడి కొడుకు ఆ చేలో ఇల్లు కట్టుకుంటానంటాడు, లేదా భూమిని ముక్కలు చేసి ఇళ్ల స్థలాలుగా అమ్ముతానంటాడు. ఆ ఇల్లు లేచాక ఫీడ్‌లాట్ విస్తరణకు వేసే దూరపు లెక్కలో దాన్నీ చేర్చాలి. విస్తరణ లేకపోయినా ఫిర్యాదుల పుస్తకంలో కొత్త పేరు చేరుతుంది. సొమ్ము ఉన్నవారు ముందే ఆ చుట్టుపక్కల భూమి కొనేస్తారు, లేదా పొరుగువారితో రిజిస్టరు ఒప్పందాలు చేసుకుంటారు. లేనివారు, ఒకప్పుడు తమ దరఖాస్తు మీద పొరుగువారు రాసిన అభ్యంతరాలకు జవాబులు రాసుకున్నవారే, ఇప్పుడు పొరుగువాడి స్థలం దగ్గర పాతిన నోటీసు బోర్డు చూసి, తమ అభ్యంతరం రాయడానికి ఎన్ని పనిదినాలు మిగిలాయో లెక్కబెట్టుకుంటారు.